జపాను పులుసు, మా గల్లీ కారం

కామాటి అంటే కూలిపని చేసేవాడని బొంబాయివారి వాడుక. పద్దెనిమిదో శతాబ్దం చివర నిజాం యిలాకా నుంచి వచ్చి యీ పట్నం కట్టడానికి రాళ్ళు మోసిన మన పెద్దల పేరే కామాటిపురాకు నిలిచింది. వారు బట్టల మూటతోపాటు యెండుమిరపకాయల మూట కూడా తెచ్చుకునేవారట. కనుక కారం మాట వస్తే మా గల్లీవాళ్ళకు కొంచెం గర్వం.

మొన్నొక శనివారం రాత్రి ఆ గర్వాన్ని వెంటబెట్టుకుని నలుగురం లోయర్ పరేలు వెళ్ళాము. మాలో ఒకడు గది ఖాళీచేసి కల్యాణ్ వెళ్ళిపోతున్నాడు. ముప్పయ్యేళ్ళు ఒకే చాల్‌లో, ఒకే కుళాయి దగ్గర బిందెలు పట్టినవాళ్ళం. వూరికే యెలా పంపుతాము? యెన్నడూ తిననిది తిందామని అతడే అన్నాడు.

ఆ హోటలు వున్నది ఒకప్పటి నూలుమిల్లు ఆవరణలో. 1982 సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి గదా. అక్కడ యిప్పుడు ఆఫీసులూ, రంగుదీపాల హోటళ్ళూ. మిత్రుడు గేటు దగ్గర కాసేపు నిలబడ్డాడు. "మా నాయిన గీ మిల్లులనే సాంచాలు నడిపిండు. డబ్బ పట్టుకొని గీడికే వస్తుంటి" అన్నాడు. మేము బదులు చెప్పలేదు.

తిన్నది రామెన్. గోధుమ పోగులను ఎముకల పులుసులో వేసి యిస్తారు. పిండిలో క్షారపు నీళ్ళు కలపడంవల్ల పోగు సాగుతుంది, పసుపుపచ్చగా వుంటుంది. చీనావారి నుంచి జపాను చేరిన వంట. 1910లో టోకియోలోని అసాకుసాలో రైరైకెన్ అనే హోటలు దీనిని జనానికి అలవాటు చేసింది. 1945 తరువాత అమెరికా గోధుమపిండి రాగా, యుద్ధంలో చితికిన నగరాల్లో పనివాళ్ళు బండ్ల దగ్గర నిలబడి కడుపు నింపుకున్నది దీనితోనే. మన జొన్నరొట్టె, వెల్లుల్లి కారం వంటిదన్నమాట. ఆ కూలివాళ్ళ తిండి, కూలివాళ్ళు లేని మిల్లులో, గిన్నె 650 రూపాయలు! మాకిది మింగుడుపడలేదు, పులుసు మాత్రం బాగానే దిగింది.

కారం ఒకటి నుంచి అయిదు దాకా వున్నది. మిత్రుడు అయిదన్నాడు. వడ్డించే మణిపురి కుర్రవాడు హిందీలో వారించాడు. "మిర్చి మాకు జెప్తున్నవా, భాయ్!" అని తెలుగులోనే జవాబు. జపానువారు చప్పుడు చేస్తూ జుర్రుతారట. ఆ మర్యాద మాకు వెంటనే పట్టుబడింది. నాలుగో గుక్కకు అతని కళ్ళవెంట నీళ్ళు. నీళ్ళు తాగినకొద్దీ మంట పెరిగింది. మిరపలోని మంట నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆ గిన్నెలో కారమంతా పైన తేలే నూనెలోనే వున్నది. మన యింట్లో కారపుముద్ద తరువాత మజ్జిగ పోయడం వూరికే కాదు, పాలల్లోని మాంసకృత్తు ఆ మంటను పట్టి తీసుకుపోతుంది. కుర్రవాడు అడక్కుండానే చల్లని పాలు తెచ్చాడు.

"కారానికేనారా ఏడుస్తున్నవు?" అని ఒకడన్నాడు. అతడు తల వంచుకుని గిన్నె చివరిదాకా తాగాడు. తన వంతు డబ్బు మాచేత యిప్పించుకోలేదు.

మరుసటి ఆదివారం టెంపో వచ్చింది. మంచం, బీరువా గంటలో యెక్కాయి. మిక్సీ వున్నదిగదా, రోలు యిక్కడే వుంచమంటే అతని యిల్లాలు వినలేదు. దానిని యెత్తడానికి నలుగురమూ పట్టవలసి వచ్చింది.