నా ఓటు 1.4ఎక్స్‌కే
2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశమైన అమీన్‌పూర్ చెరువు గట్టున, వీకెండ్ పొద్దున్నే పిట్టల ఫోటోలు తీసే మన ఐటీ జనాల మధ్య ఒకటే చర్చ: లెన్స్‌కి తగిలించి దూరాన్ని దగ్గర చేసే టెలీకన్వర్టర్ 1.4ఎక్సా, 2ఎక్సా?

నా ఓటు 1.4కే. 200-600 జూమ్‌కి తగిలిస్తే 840 ఎంఎం వస్తుంది, ఎఫ్/6.3 కాస్తా ఎఫ్/9 అవుతుంది. అంటే వెలుతురు సగం పోయినట్టే. 2ఎక్స్‌తో 1200 వస్తుంది గానీ ఎఫ్/13, వెలుతురు పావు వంతే. తెల్లారగట్ల మసక వెలుగులో ఆటోఫోకస్ తడుముకుంటుంటే పిట్ట ఊరుకుంటుందా! ఎండెక్కాక ఇంకో గొడవ: వేడిగాలికి దూరపు బొమ్మంతా అలలాడుతుంది, దానికి ఏ గాజూ మందు కాదు.

కొనేముందు మీ జూమ్‌కి అసలు పడుతుందో లేదో చూసుకోండి, అన్నిటికీ పట్టదు. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద చందమామకైతే ట్రైపాడ్ వేసి 2ఎక్స్ పెట్టుకోండి, కాదనను.