సీ బుక్కులో లేని ఇంజను

మనుషులకి పుట్టుమచ్చలున్నట్టే కార్లకీ రెండు ఆనవాళ్లుంటాయి. ఒకటి ఛాసిస్ నంబరు, రెండోది ఇంజను నంబరు. రెండూ సీ బుక్కులో రాసి ఉంటాయి. మా మామయ్యగారి అంబాసిడరుకి మొదటిది అక్షరాలా సరిపోయింది. రెండోది దరిదాపుల్లో లేదు. అంకెల మాట అటుంచండి, సీ బుక్కులో 'పెట్రోలు' అని ఉంటే బానెట్టు కింద డీజిలు ఇంజను కూర్చుని ఉంది!

'ఇన్నాళ్లూ తెలియదా?' అంటారు మీరు. అందులో డీజిలు పోస్తారని 1984లో నేను కాపరానికి వచ్చినప్పటి నుంచీ తెలుసు. సీ బుక్కు తెరిచి చూసే కోడళ్లు ఎంతమంది చెప్పండి!

ఇప్పుడెందుకు తెరిచామంటే, మామయ్యగారు పోయాక పాతికేళ్లుగా బందరులో మా షెడ్డులో నిద్రపోతున్న ఆ కారుకి మావారు రిటైరయ్యాక పునర్జన్మ ఇద్దామనుకున్నారు. 2021లో కేంద్ర ప్రభుత్వం యాభై ఏళ్లు దాటిన బళ్లకి 'వింటేజి' అని ప్రత్యేకమైన నంబరు ఇచ్చే ఏర్పాటు చేసింది. మాది 1968 నాటి మార్క్ టూ. వయసుకి లోటు లేదు. కానీ బండి పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలిట, ఇంజనుతో సహా.

మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోనులోనే తేల్చేశాడు. "ఆ డీజిలు పీకేసి ఎక్కడైనా పాత పెట్రోలు ఇంజను కొని పెట్టించండి నాన్నా. కుదరకపోతే పాత సామాన్ల వాడికి ఇచ్చెయ్యండి."

అత్తయ్యకి మాత్రం ఈ సంగతి చెప్పలేదు. ఎనభై ఆరేళ్ల మనిషి. రోజూ పొద్దున్నే పాత పంచె ముక్కతో ఆ కారు అద్దాలు తుడిచి, "దివిసీమంతా తిరిగిన బండే ఇది" అనుకునే మనిషి. అందులో ఉన్నది మొదటి ఇంజను కాదని ఏ నోటితో చెప్పడం?

మామయ్యగారు డాక్టరు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు కోడూరులో రోగిని చూడబోయి చిక్కుకుపోయారు. ఎవరిదో మేడెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. కారు ఉప్పునీళ్లలో మునిగింది. పదివేల మందికి పైగా కొట్టుకుపోయిన ఉప్పెన అది. దాని గురించి చెప్పుకునేటప్పుడు ఇంట్లో ఎవరూ కారు ఊసెత్తేవారు కాదు. మావారు అప్పుడు వాల్తేరులో చదువుకుంటున్నారు. కొన్నేళ్లకి "బండి బాగు చేయించాను" అని తండ్రిగారి కార్డు ముక్క వచ్చిందిట. ఆయనకి తెలిసింది అంతే.

అంచేత ముందు ఆ ఇంజను ఎవరి సంతానమో తేలాలి. కారుని లారీ ఎక్కించి గుడివాడ తీసుకెళ్లాం. షెడ్డులో కుర్ర మేస్త్రీ చూస్తూనే "మెటడార్ ఇంజనండీ" అన్నాడు. పక్క షెడ్డతను "కాదు, జీపుది" అన్నాడు. పెట్రోలు ఖర్చు భరించలేక ఆ రోజుల్లో అంబాసిడర్లలో చేతికి దొరికిన డీజిలు ఇంజనల్లా పెట్టేవారుట, కాబట్టి ఏ మాటా కొట్టిపారెయ్యడానికి లేదు. మూడో ఆయన లూకాస్ టీవీయస్ అని ఉన్న రేకు చూపించి అదే ఇంజను పేరన్నాడు. అది స్టార్టరు చేసిన మద్రాసు కంపెనీ పేరు. జాకెట్టు హుక్కు చూసి చీర ఏ ఊరిదో చెప్పినట్టుంది!

మూల నులక మంచం మీద కూర్చున్న కుర్ర మేస్త్రీ తండ్రి, "మాటలెందుకురా, హెడ్డు ఊడదీసి కొలవండి" అన్నాడు.

ఊడదీశారు. స్పార్కు ప్లగ్గుల జాడే లేదు. వాటికి బదులు హీటరు ప్లగ్గులున్నాయి. డీజిలుకి నిప్పురవ్వ అక్కర్లేదుట, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే అంటుకుంటుందిట. సిలిండరులో అరగని అంచు దగ్గర కొలిస్తే వ్యాసం 7.3 సెంటీమీటర్లు. పిస్టను కిందికీ పైకీ తిరిగే దూరం 8.89. ముప్ఫై ఏళ్లు లెక్కల టీచరుగా చేసినదాన్ని, ఊరుకుంటానా? సిమెంటు సంచీ కాగితం మీద సిలిండరు ఘనపరిమాణం కట్టి నాలుగుతో గుణించాను. 1488 చిల్లర వచ్చింది.

"పధ్నాలుగు వందల ఎనభై తొమ్మిది!" అన్నాడు పెద్ద మేస్త్రీ, నేను ఇంకా పెన్సిలు దించకుండానే. "అచ్చం అంబాసిడర్ డీజిలేనమ్మగారూ."

1959 నుంచీ అంబాసిడరు పెట్రోలు ఇంజను కొలత అదే. విలాయతులో బీఎంసీ వాళ్ల 'బి' వంశం. కలకత్తా దగ్గర ఉత్తరపారా ఫ్యాక్టరీ 1980 ప్రాంతంలో అదే కొలతతో డీజిలు దాన్ని కూడా తెచ్చింది. అక్క పోతే చెల్లెల్ని తెచ్చుకున్నట్టన్నమాట. ఆ ఫ్యాక్టరీలో అంబాసిడర్లు 2014లో ఆగిపోయాయి.

ఇక పుస్తకం కావాలి. డిక్కీలో చెదలు మిగిల్చిన పుస్తకం ఉంది గానీ అది అక్కగారిది, ఎంతసేపూ స్పార్కు ప్లగ్గుల గొడవే. బెజవాడ ఆటోనగరంతా తిరిగాం. సామాను దొరికింది గానీ పుస్తకం దొరకలేదు. చివరికి బర్మింగ్‌హాంలో ఉన్న మా అమ్మాయికి చెప్పాను. వారం తిరక్కుండా నూట చిల్లర పేజీలు పంపింది. ఎక్కడ దొరికిందనుకున్నారు? పడవల రేవులో! ఆ దేశపు కాలవల్లో తిరిగే పడవలకి ఈ డీజిలు ఇంజనే పెట్టారుట, ఇప్పటికీ నడుపుతున్నారుట. కాలవ నీళ్లతో ఇంజను చల్లబరిచే పద్ధతి మీద ఒక అధ్యాయమే ఉంది. మన బందరు కాలవైతే నీళ్లతో పాటు గుర్రపుడెక్కా వచ్చేది. అది వదిలేసి మిగతావి మేస్త్రీకి తెలుగులో చదివి చెప్పాను. హెడ్డు నట్లు నడుమ నుంచి అంచులకి బిగించాలి, దోసె పరిచినట్టు. "ఇది మా నాన్న చెప్పిందేనండీ" అన్నాడు కుర్రాడు, కాస్త నిరాశగా.

మా అబ్బాయి సెలవుకి వచ్చి మళ్లీ పెట్రోలు ఇంజను మాటెత్తాడు. వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్తయ్య చెవిన పడనే పడింది. నా గుండె గుభేలుమంది. ఆవిడ లేచి ట్రంకు పెట్టె తెరిచి, అడుగున పట్టుచీర మడతలోంచి ఓ కాగితం తీసి నా చేతిలో పెట్టారు.

1982 నాటి బిల్లు. గుద్దుకుపోయిన టాక్సీలోంచి తీసిన డీజిలు ఇంజను. అరిగి సగమే కనిపిస్తున్న మా ఇంజను నంబరు అందులో పూర్తిగా ఉంది.

"మీకు తెలుసా అత్తయ్యా?"

"తెలియకేం అమ్మాయ్, నా నాలుగు జతల గాజులే కదుటే అది! ఉప్పెన తర్వాత నాలుగేళ్లు ఆయన లంకలన్నీ సైకిలు మీదే తిరిగారు. అర్ధరాత్రి కబురొస్తే చూళ్లేకపోయాను."

ఆవిడ చేతికేసి చూశాను. చిలకలపూడి గిల్టు గాజులు. నలభై ఏళ్లుగా చూస్తున్నాను. మెరుగు తగ్గినప్పుడల్లా రిక్షాలో వెళ్లి కొత్తవి తెచ్చుకునేవారు. బంగారం బరువుగా ఉంటుందనేవారు.

"మామ్మా, పెట్రోలుదైతే వింటేజి నంబరొస్తుంది" అన్నాడు మనవడు, గొంతు తగ్గించి.

"ఆ నంబరుంటే హంసలదీవి వెళ్లొచ్చుట్రా?"

వెళ్లకూడదు. ఆ నంబరున్న బండి ప్రదర్శనలకీ ర్యాలీలకే గాని రోజువారీ తిరుగుళ్లకి పనికిరాదు.

"అయితే నాకెందుకూ?" అని ఆవిడ చిక్కుడుకాయల దగ్గరికి వెళ్లిపోయారు.

మావారు బిల్లు పట్టుకుని ఆఫీసుకి వెళ్లారు. నలభై ఏళ్ల ఆలస్యానికి జుర్మానా కట్టారు. ఇన్‌స్పెక్టరు నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది అచ్చు తీసుకున్నాడు. నెలన్నర తిరిగాక సీ బుక్కులో పెట్రోలు పోయి డీజిలు వచ్చింది.

మాఘ పౌర్ణమికి హంసలదీవి బయల్దేరాం. పులిగడ్డ దాటేదాకా అత్తయ్య పెదవి విప్పలేదు. అవనిగడ్డలో బంకు దగ్గర ఆగగానే, "లీటరుకి ఎంతిస్తోందిరా?" అని కొడుకుని అడిగారు.

"పదమూడమ్మా."

"ఆయన తోలితే పధ్నాలుగు ఇచ్చేది."