ఏ ప్రశ్న వదలాలో తెలియాలి

నరసరావుపేటలో డిగ్రీ పిల్లలకు ఐసెట్, క్యాట్ పాఠాలు చెప్పడం నా వృత్తి. పొద్దున బ్యాచ్‌కి ఊళ్లోవాళ్లు, సత్తెనపల్లి వాళ్లు వస్తారు. మాచర్ల, గురజాల వైపు పిల్లలు రోజూ వచ్చిపోలేరు. హాస్టల్లోనో చుట్టాలింట్లోనో ఉండి చదువుకుంటారు, లేదంటే ఆదివారం తొలి బస్సుకి వచ్చి రాత్రికి తిరిగి వెళ్తారు. 2022 ఏప్రిల్లో పల్నాడు జిల్లా ఏర్పడి మా ఊరు జిల్లా కేంద్రమయ్యాక కొత్త ఆఫీసులు వచ్చాయి, అద్దెలు పెరిగాయి. ఎంబీఏ పరీక్ష గురించి తల్లిదండ్రులు అడిగే మాట మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే: "సారూ, ఎన్ని మార్కులొస్తే మంచి కాలేజీ వస్తది?"

దీనికి ఐసెట్‌కైతే ఒక జవాబు, క్యాట్‌కైతే ఇంకో జవాబు. రెండూ మేనేజ్‌మెంట్ చదువుకి దారులే అయినా పరీక్షలుగా ఎడమొహం పెడమొహం. మొదటిదాంట్లో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. రెండోదాంట్లో వదలడం చేతకాకపోతే ఎంత చదివినా లాభం లేదు. ఒకే పిల్లవాడు నవంబరులో క్యాట్, వేసవిలో ఐసెట్ రాస్తుంటాడు కాబట్టి, రెండు అలవాట్లూ ఒకే చేతికి నేర్పాలి. నా పనిలో అసలు కష్టం ఇదే. లెక్కలు చెప్పడం దీనిముందు తేలిక.

ముందు ఐసెట్ సంగతి. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, అంటే ప్రశ్నకు 45 సెకన్లు. తప్పు జవాబుకి మార్కుల కోత లేదు. 200కి 50 తెచ్చుకుంటే అర్హత వచ్చినట్టు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఆ కనీస హద్దు కూడా లేదు. కమ్యూనికేషన్ భాగం ఇంగ్లీషులోనే ఉంటుంది, మిగతా ప్రశ్నలు తెలుగులోనూ కనిపిస్తాయి. అందుకే తెలుగు మీడియం పిల్లలు దీన్ని చూసి భయపడరు, భయపడాల్సిన పనీ లేదు.

ఈ పేపరుని మూడు చుట్లు తిరగమంటాను. మొదటి చుట్టులో చూడగానే తేలిపోయేవి, రెండో చుట్టులో కాగితం మీద రెండు గీతలు గీస్తే తేలేవి, చివరి ఐదు నిమిషాల్లో మిగిలినవన్నీ. నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నలు 20 ఖాళీగా వదిలేస్తే సగటున 5 మార్కులు పోగొట్టుకున్నట్టే. మధ్య మార్కుల దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు, అక్కడ ఐదు మార్కులకే ర్యాంకు బాగా కిందికి జారుతుంది.

ఐసెట్‌లో పిల్లలు ఎక్కువగా టైం పారబోసుకునేది డేటా సఫిషియెన్సీ దగ్గర. "దీర్ఘచతురస్రంగా ఉన్న పొలం వైశాల్యం ఎంత? ఒకటి, చుట్టుకొలత 200 మీటర్లు. రెండు, పొడవు వెడల్పుకి మూడింతలు." ఇచ్చిన సమాచారం సరిపోతుందా లేదా అన్నదే అక్కడ ప్రశ్న. మావాడు మాత్రం వెడల్పు 25, పొడవు 75, వైశాల్యం 1,875 అని గుణించి, కింద గీత కూడా గీసి, అప్పుడు తల ఎత్తుతాడు. "జవాబు ఎవరడిగార్రా నిన్ను?" అంటే, "వచ్చింది కదా సార్, చేసేశా" అంటాడు. పదో తరగతి నుంచీ లెక్క మధ్యలో ఆపితే మార్కులు పోతాయని చెప్పి పెంచాం. ఇప్పుడు ఆపమంటే చెయ్యి ఆగదు.

క్యాట్‌లో ఈ చెయ్యే శత్రువు. మన పిల్లలు మొదట రాసిన పెద్ద పరీక్ష ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్. ఇంజినీరింగ్ పేపరులో 160 ప్రశ్నలు, మూడు గంటలు, కోత లేదు. అక్కడ అలవాటైన చేత్తోనే వచ్చి క్యాట్ ముందు కూర్చుంటారు. క్యాట్‌లో సరైన జవాబుకి 3 మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్న తప్పితే ఒక మార్కు కోత. జవాబు టైపు చేయాల్సిన ప్రశ్నలకు మాత్రం కోత లేదు. మూడు భాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఒక భాగంలో మిగిలిన సమయాన్ని ఇంకో భాగానికి వాడుకోనివ్వరు.

మొదటి రోజే బోర్డు మీద ఒక లెక్క వేస్తాను. 2023 పేపరులో 66 ప్రశ్నలు, 198 మార్కులు. ఇద్దరు పిల్లలకు సరిగ్గా 27 ప్రశ్నలే వచ్చనుకుందాం. ఒకడు 30 ముట్టుకున్నాడు: 27 ఒప్పు, 3 తప్పు, 78 మార్కులు. ఇంకొకడు 40 ముట్టుకున్నాడు: అవే 27 ఒప్పు, 13 తప్పు, 68 మార్కులు. చదువు ఇద్దరిదీ ఒకటే. రెండోవాడు పైగా కష్టపడి పది మార్కులు తగ్గించుకున్నాడు. ఆ ఏడాది మొత్తం మార్కుల్లో సగం రాకుండానే 99 పర్సంటైల్ దాటినవాళ్లున్నారని చెప్తే బ్యాచ్ మొత్తం నా మొహం చూస్తుంది. నూటికి తొంభై తెచ్చుకుంటేనే తెలివైనవాడని ఇంటర్ దాకా విని వచ్చారు మరి.

పర్సంటైల్ అన్నది మార్కుల శాతం కాదు, మన వెనక ఎంతమంది ఉన్నారన్న లెక్క. 2023లో క్యాట్ రాసినవాళ్లు దగ్గర దగ్గర 2.9 లక్షలు. 99 అంటే ముందు సుమారు 2,900 మంది, వెనక మిగతా దేశం. పేపరు కష్టంగా వస్తే అందరికీ కష్టమే. ఇది నమ్మినవాడు హాల్లో బెదరడు.

లెక్కల భాగంలో మా ప్రాంతం పిల్లలకు ఒక లాభం ఉంది, వాళ్లకే తెలియదు. ఓ లెక్క ఇస్తాను: "100 కిలోల పండు మిరపకాయల్లో 75 శాతం నీరు. ఎండాక 10 శాతం నీరు మిగిలింది. ఇప్పుడు బరువెంత?" పుస్తకాల్లో మునిగినవాడు 75లోంచి 10 తీసేసి, 65 కిలోలు పోయాయి కాబట్టి 35 అంటాడు. దుర్గి వైపు నుంచి వచ్చిన అమ్మాయి పెన్ను తీయకుండానే, "పాతిక ముప్పై మధ్య ఉంటది సార్. మా కల్లంలో ఎప్పుడూ అంతే దిగుద్ది" అంటుంది. సరైన జవాబు 27.8 కిలోలు. ఎండినా మారనిది నీరు కాని పదార్థం, అది 25 కిలోలు. ఆ పాతికే ఇప్పుడు మొత్తంలో 90 శాతం. ఆ అమ్మాయికి సూత్రం తెలియదు గానీ, నాలుగు ఆప్షన్లలో మూడింటిని కొట్టేయగలదు. క్యాట్‌లో సగం పని అదే. సూత్రం నేను చెప్తాను, అంచనా ఇంటి నుంచే తెచ్చుకుంది.

చక్రవడ్డీకీ ఇంతే. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతమని మా దగ్గర చిన్నపిల్లలకీ తెలుసు. లక్ష అప్పు మూడేళ్లలో బారువడ్డీకి 1,72,000 అవుతుంది. ఏడాదికోసారి వడ్డీ కలిపి నోటు తిరగరాయిస్తే 1,90,662. ఆ 18,662 తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమంటే ఇంట్లో నోటు తిరగరాసిన రోజుని గుర్తుచేసుకుని చెప్పేవాళ్లుంటారు. చక్రవడ్డీ సూత్రాన్ని వాళ్లు మళ్లీ మర్చిపోరు.

డేటా ఇంటర్‌ప్రిటేషన్, లాజికల్ రీజనింగ్ భాగంలో నాలుగైదు సెట్లు వస్తాయి. మొదటి ఐదారు నిమిషాలు ఏదీ చేయొద్దు, అన్నీ చదవమంటాను. ఇది పాటించడం పిల్లలకు ప్రాణసంకటం, పక్కవాడు మౌస్ నొక్కుతుంటే ఊరికే చదువుతూ కూర్చోవాలి. పట్టిక తిన్నగా కట్టుకోగలిగిన సెట్లు రెండు ఎంచుకుని తప్పు లేకుండా ముగిస్తే చాలాసార్లు ఆ భాగంలో మంచి పర్సంటైల్ వచ్చేస్తుంది. మొదట కనపడిన సెట్‌నే పట్టుకుని ఇరవై నిమిషాలు పెనుగులాడి, "ఇంత చేశాక ఎట్టా వదిలేది సార్?" అనేవాడికి మిగిలేది రెండో భాగం పోయిన దిగులు. ఆ దిగులుతోనే మూడో భాగం కూడా పాడుచేసుకుంటాడు.

అన్నిటికన్నా గట్టి గోడ ఇంగ్లీషు చదవడం. వర్బల్ భాగంలోని 24 ప్రశ్నల్లో 16 దాకా పాసేజీల మీదే. తత్వశాస్త్రం, మానవశాస్త్రం, పర్యావరణం, ఆర్థికం, ఏదైనా రావచ్చు. పిల్లలు "వొకాబులరీ లేదు సార్" అని పదాల పట్టికలు బట్టీ పడతారు. నేను మొదటి నెల ఇంగ్లీషు జోలికి పోను. తెలుగు దినపత్రిక సంపాదకీయం ఇచ్చి మూడే అడుగుతాను: రచయిత ఏం చెప్తున్నాడు, ఎవరితో విభేదిస్తున్నాడు, ఎక్కడ సందేహం మిగిల్చాడు? సొంత భాషలో కూడా చాలామంది మొదటి వారం తడబడతారు. రచయిత చెప్పనిది కలిపేస్తారు, లేకపోతే అతను ఖండించడానికి ఎత్తిన వాదనని అతని మాటే అనుకుంటారు. అక్కడితో అసలు లోపం బయటపడుతుంది. మాటలు తెలియకపోవడం కన్నా వాదం పట్టుకోలేకపోవడం పెద్ద ఇబ్బంది. అది తెలుగులో చక్కబడ్డాక ఇంగ్లీషు పత్రిక చేతికిస్తాను. పది పదాల్లో ఒకటి అర్థం కాకపోయినా దారి తప్పరు.

మాక్ టెస్టులు ఎన్ని రాశావని నేను అడగను. రాసిన మాక్‌కి నోట్‌బుక్ ఏదని అడుగుతాను. అందులో నాలుగు గళ్లు ఉండాలి: వచ్చి కూడా తప్పు చేసినవి, రాకుండా గుడ్డిగా పెట్టినవి, వదలాల్సి ఉండగా పట్టుకున్నవి, పట్టుకోవాల్సి ఉండగా వదిలేసినవి. మొదటి రెండు గళ్లూ అందరూ నింపుతారు. చివరి రెండు నింపాలంటే పరీక్ష రాసినంత సేపు మళ్లీ కూర్చోవాలి. స్కోరు పెరిగేది ఆ రెండో కూర్చోవడంలోనే.

కాలం కూడా లెక్కలో పెట్టుకోవాలి. క్యాట్ సాధారణంగా నవంబరు చివరి ఆదివారం. పల్నాడులో అది పత్తి తీసే కాలం, డిగ్రీ వాళ్లకు సెమిస్టర్ పరీక్షల కాలం. "రెండు రోజులు ఇంటికి రా, కూలోళ్లు దొరకట్లా" అని ఫోనొస్తే ఏ పిల్లాడు కాదంటాడు? అందుకే దసరాకల్లా సిలబస్ అయిపోవాలని పట్టుబడతాను. తర్వాతవన్నీ మాక్‌లే. పరీక్ష రోజుకి మూడు స్లాట్లు. పొద్దున ఎనిమిదిన్నర స్లాట్ పడితే మాచర్ల పిల్లాడు ముందు రాత్రే గుంటూరు చేరాలి. ఆ వారమంతా మాక్ కూడా అదే గంటకి రాయిస్తాను, మెదడు ఆ టైముకి మేలుకోవడం అలవాటవుతుంది.

క్యాట్ స్కోరు ఒక్కటే సీటు ఇప్పించదు. ఐఐఎంలు పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు కూడా చూస్తాయి. ఈ విషయంలో మనవాళ్లు వెనకబడరు, ఇంటర్లో వెయ్యికి 950 దాటినవాళ్లు బ్యాచ్‌లో ఎప్పుడూ ఉంటారు. ఇంజినీరింగ్ అబ్బాయిల మధ్య పోటీ విపరీతం. గురజాలలో బీకాం చదివిన అమ్మాయికి చాలా ఐఐఎంల లెక్కలో కొంత అదనపు బలం ఉంటుంది, అది తెలియక చాలామంది దరఖాస్తే చేయరు. 2015లో విశాఖలో ఐఐఎం వచ్చాక ఆ పేరు మా ఇళ్లకు కాస్త దగ్గరైంది. ఇంటర్వ్యూకి వెళ్లేవాడు పిడుగురాళ్ల సున్నం ఎక్కడికి పోతుందో, సాగర్ కుడి కాలువ కింద పంట ఎందుకు మారిందో, బ్రహ్మనాయుడి చాపకూడు ఏం మార్చబోయిందో నాలుగు వాక్యాల్లో చెప్పగలగాలి. సొంత ఊరి గురించి నోరు పెగలనివాడు కంపెనీ నడుపుతానంటే ఎవరు నమ్ముతారు?

చివరికి వచ్చే ప్రశ్న, అసలు కష్టమైనది: "ఈసారి 85 పర్సంటైల్ వచ్చింది సార్. ఇంకో ఏడాది ఖాళీగా ఉండి చదవమంటారా?" దాదాపు ఎప్పుడూ వద్దనే అంటాను. క్యాట్‌కి వయసు హద్దు లేదు, ఇన్నిసార్లే రాయాలన్న నియమమూ లేదు. ఉద్యోగం చేస్తూ రాయొచ్చు, ఆ అనుభవానికి కూడా కొన్ని సంస్థలు విలువ ఇస్తాయి. ఐదెకరాల కౌలు సేద్యం మీద బతికే ఇంట్లో ఒక ఏడాది జీతం అంటే చిన్న విషయం కాదు. కోచింగ్ ఫీజు, హాస్టల్ ఖర్చు కలిపితే అది నూటికి రెండు వడ్డీకి తెచ్చిన అప్పే. మళ్లీ ఖాళీగా కూర్చుని చదవమని నేనంటే నా బ్యాచ్‌కి ఒక ఫీజు గ్యారంటీ. కానీ వదలడం నేర్పేవాడికి ముందు అది చేతనవ్వాలి కదా!