సుబేదారు గారి కన్యాదానం

తాడేపల్లిగూడెంలో ఆటో ఎక్కి మాధవరం అన్నాను. “మిలటరీ మాధవరమేనా అండీ?” అని రూఢి చేసుకున్నాడు డ్రైవరు. దారి పొడవునా కాలవ, వరి చేలు. ఇంత పచ్చటి నేల ఉండగా ఈ ఊరి పిల్లలు తరాల తరబడి పటాలానికే ఎందుకు పోతున్నారో అడగాలనిపించింది.

మొదటి ప్రపంచ యుద్ధానికి ఇక్కణ్ణుంచి 90 మంది, రెండోదానికి 1,110 మంది వెళ్లారని ఊళ్లో చెప్పే లెక్క. మేజర్, కెప్టెన్ అన్నవి పిల్లల ముద్దుపేర్లు. పోలేరమ్మకి మొక్కకుండా జవాను ఊరు దాటడంటారు. ఇవన్నీ పత్రికల్లో వచ్చినవే.

నా ప్రశ్నకి రిటైరైన ఓ సుబేదారు గారు నవ్వారు. “చేలు పచ్చగానే ఉన్నాయి బాబూ, అందులో మాదెంత?” పరువూ పింఛనూ కలిసొచ్చే కొలువు ఇదొక్కటేనట.

ఆయనది మద్రాస్ రెజిమెంటు. 1758 నాటి పల్టన్. నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో శిక్షణ. తమిళులు, మలయాళీలు, కన్నడిగులు, తెలుగువాళ్లు అంతా ఒకే బ్యారక్‌లో. పక్క మంచం సేలం కుర్రాడిది. అతను సర్వీసులో ఉండగానే పోయాడు. ఎలాగో ఆయన చెప్పలేదు, నేను రెట్టించలేదు. తరవాతెప్పుడో ఆ స్నేహితుడి కూతురికి పెళ్లి కుదిరితే, ఈ దంపతులే సేలం వెళ్లి పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు.

“మీవాళ్లేమీ అనలేదా అండీ?”

“అనకేం! కులం కాదు, భాష కాదు, నీకెందుకన్నారు. నేను పోయుంటే వాడు మా పిల్లకి చేసేవాడు కాదా?”

లోపల్నుంచి ఆయన భార్య అందుకున్నారు. “కన్యాదానం సంగతి అందరికీ చెబుతారు. ఆ పిల్ల చదువుకి నా కాసులపేరు అమ్మిన సంగతి చెప్పరేం?”

ఆయన నవ్వేశారు. ఆవిడ నవ్వలేదు. సైనికుల స్నేహం గురించి రాసే మేమెవరం ఈ ఖర్చు పద్దులో వేయం.

ఆయన మనవడు సైన్యంలో చేరాలని రోజూ కాలవ గట్టున 1,600 మీటర్ల పరుగు సాధన చేస్తున్నాడు. తాత రోజుల్లో 15 ఏళ్లు చేస్తే పింఛను. 2022లో వచ్చిన అగ్నిపథ్ నియామక పథకంలో నాలుగేళ్లే సర్వీసు. ఆపైన 25 శాతం మందిని మించి ఉంచుకోరు. మిగతావాళ్ల చేతిలో సుమారు 11.7 లక్షల సేవానిధి పెట్టి పంపేస్తారు, పింఛను లేదు. పింఛను పోవడం కన్నా ఆ పాతిక శాతమే సుబేదారు గారికి మింగుడు పడటం లేదు.

“పక్క మంచం వాడు ఉంటే నీకు చోటు లేదంటే, వాడితో స్నేహమెలా కుదురుతుందిరా?”

“అందుకే తాతయ్యా, నేను జనరల్ డ్యూటీకి పెట్టాను, వాడు టెక్నికల్‌కి పెట్టాడు” అన్నాడు మనవడు, గుమ్మం దగ్గర నిలబడ్డ తన జతగాణ్ణి చూపిస్తూ.