తెల్లారినా నిన్నటి తేదీయే

పొద్దున్నే పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో చేపలు కొన్నాను. అప్పటికే వెలుగొచ్చేసింది.
ఫోన్‌కొచ్చిన రసీదులో మాత్రం నిన్నటి తేదీ!

సర్వర్ యూటీసీలో నడుస్తోందన్నమాట. మనకు 5:30 అయితేగానీ దానికి తేదీ మారదు.

మరి 5:30కి ముందే వెలుగెలా వచ్చింది? మన గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖను పట్టుకుని నడుస్తుంది. పోర్ట్ బ్లెయిర్ దానికి పది డిగ్రీలు తూర్పున. సూర్యుడు ఇక్కడికి సుమారు 40 నిమిషాలు ముందొస్తాడు. జూన్‌లో ఐదింటికే ఉదయిస్తాడు.
టైమ్‌జోన్ మాత్రం అదే, ఏషియా/కోల్‌కతా.

డేటాబేస్‌లో యూటీసీ దాచడం మంచిదే. కానీ చూపేటప్పుడూ, రోజువారీ మొత్తాలు లెక్కగట్టేటప్పుడూ ఐఎస్‌టీకి మార్చాలి. వేకువనే వేట నుంచి వచ్చినవాళ్ల అమ్మకం నిన్నటి ఖాతాలో పడితే ఎలా?

అర్ధరాత్రికీ 5:30కీ మధ్య సమయాలతో మీ కోడ్‌ని పరీక్షిస్తున్నారా? ఎలా చేస్తున్నారో రాయండి.