స్కోరు తెలిసిన మ్యాచ్

1970 వరల్డ్‌కప్ ఫైనల్లో బ్రెజిల్ 4–1తో ఇటలీని ఓడించింది. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే. మరి ఆ టోర్నమెంట్ మీద సినిమా తీస్తే ఉత్కంఠ ఎక్కడినుంచి వస్తుంది? కావో హాంబర్గర్ సినిమా ‘ది ఇయర్ మై పేరెంట్స్ వెంట్ ఆన్ వెకేషన్’ (2006)లో అది మైదానం బయట ఉంటుంది.

అప్పుడు బ్రెజిల్లో సైనిక పాలన. అజ్ఞాతంలోకి వెళ్లాల్సొచ్చిన అమ్మానాన్నా మౌరో అనే పిల్లాణ్ణి సావో పాలోలో తాతగారింటి ముందు దించేస్తారు. సెలవులకి వెళ్తున్నాం, వరల్డ్‌కప్‌కల్లా వచ్చేస్తాం అంటారు. తాతేమో అంతకుముందే చనిపోయాడు. పక్కింటి యూదు పెద్దాయన ష్లోమో పిల్లాణ్ణి చేరదీస్తాడు.

ఇక మౌరోకి టోర్నమెంటే క్యాలెండరు. మ్యాచ్‌లు ఒక్కొక్కటే అయిపోతుంటాయి. వాళ్లు రారు. గోల్ పడితే వీధంతా గంతులేస్తుంది, నాకు మాత్రం తలుపు వైపు చూడాలనిపిస్తుంది. ఫైనల్ రోజు అమ్మ ఒక్కతే వస్తుంది. నాన్న రాడు.

చిన్నప్పటినుంచీ ఆ పసుపు జెర్సీకి వీరాభిమానిని. ఆ గెలుపుని నియంత మెడిసి తన ప్రభుత్వ ఘనతగా వాడుకున్నాడని ఎప్పుడో చదివాను. చదవడం వేరు, మౌరో పక్కన కూర్చుని ఎదురుచూడటం వేరు. ఫైనల్లో కార్లోస్ అల్బెర్టో కొట్టిన నాలుగో గోల్ ఇప్పటికీ యూట్యూబ్‌లో పెట్టుకుని చూస్తాను. ఆ గోల్ అందం ఏ నియంతదీ కాదు, అందుకే ఇప్పటికీ కేకేస్తాను. కాకపోతే ఆ కేక అయ్యాక ఆ పిల్లాడు గుర్తొస్తాడు.