తల్లి దారి

గమ్యం చేర్చడమే దారికి ప్రయోజనమని లోకం తలుస్తుంది. గమ్యం చేరిన పిదప దారిని తలచుకొనేవారు అరుదు. మేలైన కొత్త దారి ఏర్పడితే పాతదానిని విడిచిపెట్టడం లోకసహజం. కాని అలా విడిచిపెట్టిన దారినే వెదుక్కుంటూ, దానిపై ప్రయాణించడమే పరమార్థంగా భావించి ఏటేటా వేలాదిమంది బయలుదేరే విచిత్రం అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కనిపిస్తుంది. ఆ దారి పేరు రూట్ 66. 1985లో అది జాతీయ రహదారుల పట్టిక నుండి తొలగిపోయింది. జనహృదయం నుండి మాత్రం తొలగిపోలేదు.

ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళలో అమెరికాలో కార్లు పెరిగినంత వేగంగా రోడ్లు పెరగలేదు. ఒక్కొక్క బాటకు ఒక్కొక్క సంఘం ఒక్కొక్క పేరు పెట్టగా బాటసారులు తికమకపడేవారు. ఈ గందరగోళాన్ని తొలగించడానికి రహదారులకు అంకెలు కేటాయించే పద్ధతి 1926 నవంబరు 11న ఆమోదం పొందింది. ఆనాడే రూట్ 66 పుట్టింది. ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరానికి చెందిన సైరస్ ఏవరీ దీనికోసం ఎంతగానో శ్రమించాడు. ఆయన మొదట కోరిన అంకె 60. కెంటకీ రాష్ట్రం అడ్డుచెప్పడంతో 66తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ సర్దుబాటు అంకే కాలక్రమంలో జగత్ప్రసిద్ధమైంది.

ఇలినాయి రాష్ట్రంలోని షికాగో వద్ద మొదలయ్యే ఈ దారి మిస్సోరీ, కాన్సాస్, ఓక్లహోమా, టెక్సాస్, న్యూ మెక్సికో, ఆరిజోనా రాష్ట్రాల మీదుగా కాలిఫోర్నియా చేరుకునేది. మొత్తం నిడివి 2,448 మైళ్ళు, అనగా సుమారు 3,940 కిలోమీటర్లు. ఎనిమిది రాష్ట్రాలలో కాన్సాస్ వాటా 13 మైళ్ళు మాత్రమే. పుట్టిననాడు దాదాపు 800 మైళ్ళు మాత్రమే చదునైన గట్టి రోడ్డు. తక్కినదంతా మట్టి, కంకర. 1938 నాటికి గాని దారి అంతా పూర్తిగా బాగుపడలేదు.

దారి బాగుపడుతున్న ఆ రోజులలోనే జనుల బ్రతుకులు ఛిద్రమయ్యాయి. 1930లలో ఆర్థికమాంద్యానికి అనావృష్టి తోడైంది. ఎండిన పొలాల మట్టి గాలికి లేచి, మేఘాలవలె ఆకాశాన్ని కప్పివేసింది. ఓక్లహోమా, టెక్సాస్ తదితర ప్రాంతాల రైతు కుటుంబాలు పరుపులు, పాత్రలు, పిల్లాపాపలను పాత వాహనాలకెక్కించి, కాలిఫోర్నియాలో కూలి దొరుకుతుందన్న ఆశతో ఈ దారి పట్టాయి. అక్కడ వారికి స్వాగతం లభించలేదు. 1936లో లాస్ ఏంజిలిస్ పోలీసులు రాష్ట్ర సరిహద్దుల వద్ద కాపుకాసి, చేత డబ్బు లేనివారిని వెనుకకు మళ్ళించిన సందర్భాలున్నాయి. ఈ నిర్భాగ్యుల గాథనే జాన్ స్టైన్‌బెక్ 1939లో ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’ నవలగా రచించాడు. ఆ నవలలోనే రూట్ 66 ‘తల్లి దారి’ అయింది. నిలువనీడ లేనివారికి ఆశ్రయమిచ్చినది అదొక్కటే కదా!

రెండవ ప్రపంచ యుద్ధానంతరం అదే దారి విలాసయాత్రలకు నెలవైంది. సెలవులలో కుటుంబమంతా కారులో బయలుదేరడం మధ్యతరగతికి వేడుక అయింది. బాబీ ట్రూప్ రచించిన పాట 1946లో నాట్ కింగ్ కోల్ గళంలో వెలువడి దారి పేరును ఇంటింటికీ చేర్చింది. ఊరూరా పెట్రోలు బంకులు, ఫలహారశాలలు, మోటెళ్ళు వెలిశాయి. రాత్రివేళ నియాన్ దీపాల రంగులు బాటసారిని దూరం నుండే పిలిచేవి. ఆరిజోనాలోని హోల్‌బ్రూక్‌లో ఒక మోటెల్ గదులను ఆదివాసుల గుడారాల ఆకారంలో నిర్మించారు. ఒక్కొక్క ఊరు ఒక్కొక్క వింతను చూపి ప్రయాణికుని ఒక పూట ఆపుకొనేది.

అయితే రద్దీ పెరిగినకొద్దీ ఇరుకు దారి ప్రమాదాలకు ఆటపట్టయింది. 1956లో అధ్యక్షుడు ఐసన్‌హోవర్ సంతకంతో అమలులోకి వచ్చిన చట్టం విశాలమైన అంతర్రాష్ట్ర రహదారులకు బాటవేసింది. అవి ఊళ్ళను తాకకుండా పక్కనుండి సాగిపోయాయి. అలాంటి ఐదు కొత్త రహదారులు కలిసి పాత దారి పనిని తమమీద వేసుకున్నాయి. ప్రయాణం సుఖమైంది, వేగం పెరిగింది, ప్రాణాలు దక్కాయి. కాని దారినే నమ్ముకున్న ఊళ్ళకు జీవనాధారం తెగిపోయింది. టెక్సాస్, న్యూ మెక్సికో సరిహద్దున ఉన్న గ్లెన్‌రియో క్రమంగా పాడుబడింది. 1984 అక్టోబరులో ఆరిజోనాలోని విలియమ్స్ పట్టణానికి బైపాస్ ఏర్పడడంతో చివరి లంకె కూడా తెగింది. 1985 జూన్ 27న రూట్ 66 అధికారికంగా రద్దయింది.

ఆరిజోనాలోనే సెలిగ్‌మన్ అనే చిన్న ఊరు ఉంది. 1978 సెప్టెంబరు 22న కొత్త రహదారి తెరవడంతో ఆ ఊరి వీధి ఒక్కనాటిలో మూగవోయింది. అక్కడ క్షౌరశాల నడిపే ఏంజెల్ డెల్గడియో ఆ ఊరిలోనే పుట్టి పెరిగినవాడు. చాలామంది ఊరు విడిచిపోయినా ఆయన విడువలేదు. 1987లో తోటివారిని కూడగట్టి ఆరిజోనాలో రూట్ 66 పరిరక్షణ సంఘాన్ని నెలకొల్పాడు. ఆ ఏడే సెలిగ్‌మన్ నుండి కింగ్‌మన్ వరకు గల దారిని ఆరిజోనా రాష్ట్రం చారిత్రక మార్గంగా ప్రకటించింది. తక్కిన రాష్ట్రాలలోనూ ఇటువంటి సంఘాలు ఏర్పడ్డాయి. 1999లో కేంద్ర ప్రభుత్వం కూడా చేయూతనిస్తూ చట్టం చేసింది. పెద్ద పదవి, పెద్ద ధనం లేని ఒక సామాన్యుని పట్టుదల ఎంతటి ఫలితాన్నిస్తుందో చెప్పడానికి ఇదొక చక్కని నిదర్శనం.

నేడు ఈ దారిలో సాగే యాత్రికులలో అమెరికన్లే కాక ఐరోపా, జపాన్ దేశాలవారూ ఉన్నారు. షికాగోకు, లాస్ ఏంజిలిస్‌కు సరిసమానంగా 1,139 మైళ్ళ దూరాన ఉన్నానని చాటుకునే ఏడ్రియన్ అనే టెక్సాస్ ఊరి వద్ద వారు ఆగి ఫొటోలు తీసుకుంటారు. ఓక్లహోమాలోని కటూసాలో చెరువు గట్టున నీలి తిమింగలం ఒకటి నోరు తెరచుకొని ఉంటుంది. హ్యూ డేవిస్ అనే ఆయన 1970ల తొలినాళ్ళలో పెళ్ళిరోజు కానుకగా తన భార్యకోసం దానిని నిర్మించాడు. భార్యపై ప్రేమతో కట్టినది బాటసారులందరికీ వినోదస్థానమైంది. ఇవేవీ మహానిర్మాణాలు కావు. మనిషి చేతి గుర్తు కనబడడమే వీటి ఆకర్షణ. వేగమార్గంలో వెళ్ళేవాడికి ఊరి పేరు పచ్చబోర్డు మీది అక్షరాలు మాత్రమే. పాత దారిలో వెళ్ళేవాడికి ఊరంటే ఒక పలకరింపు, ఒక కప్పు కాఫీ, ఒక కథ.

అయితే జ్ఞాపకానికి ఒక దోషముంది. అది తనకు ఇష్టమైనదానినే దాచుకుంటుంది. నియాన్ దీపాలు అందరికీ ఒకే విధంగా వెలగలేదు. నల్లజాతి వారికి అనేక మోటెళ్ళలో గది దొరికేది కాదు, ఫలహారశాలలలో భోజనం దొరికేది కాదు. చీకటిపడేలోగా వారు వెళ్ళిపోవాలని శాసించిన ఊళ్ళూ ఉన్నాయి. ఏ ఊరిలో తలదాచుకోవచ్చో తెలుపుతూ విక్టర్ హ్యూగో గ్రీన్ అనే తపాలా ఉద్యోగి 1936లో ఒక మార్గదర్శిని ప్రారంభించవలసి వచ్చింది. ఆదివాసుల భూముల మీదుగా దారి సాగింది. వారి గుడారాల రూపం మోటెళ్ళకు అలంకారమైంది. పిదపకాలంలో గుజరాత్ నుండి వెళ్ళిన కుటుంబాలు పడిపోతున్న మోటెళ్ళను కొని, రేయింబవళ్ళు శ్రమించి నిలబెట్టాయి. అటువంటివారిని ఎత్తిపొడుస్తున్నట్లు ‘యజమానులు అమెరికన్లు’ అన్న బోర్డులు పోటీదారుల వాకిళ్ళలో వెలిశాయి. దారిని బ్రతికించినవారినే పరాయివారిగా చూడడం ఎంత అన్యాయం!

కాబట్టి పాత దారిని ప్రేమించడమంటే దాని తళుకును మాత్రమే ప్రేమించడం కాదు. ఆకలితో నడిచినవారి అడుగులు, గది దొరకక రాత్రంతా కారు నడిపినవారి నిద్రలేమి, ఊరు వీడని క్షౌరకుని పట్టుదల, పరదేశి శ్రమ అన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. 2026 నవంబరు 11తో ఆ దారి వయస్సు నూరేళ్ళు. తల్లి తన బిడ్డలలో ఒకరిని తలచి మరొకరిని మరువదు. తల్లి దారి అన్న పేరు సార్థకం కావాలంటే, దానిపై సాగిన వారందరి కథలకూ ఆ జ్ఞాపకంలో చోటుండాలి.